పడకండి, టీచరు గారూ

ఉద్యోగ జ్ఞాపకాలు రాయమని మన స్కూలు పత్రిక వాళ్లు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. అలాంటివి జుట్టు నెరిసి, పింఛను పుచ్చుకునే పెద్దలు రాయాలి. నాకింకా ఇరవై ఏడు నిండలేదు. కానీ డ్రిల్లు టీచరు పని వదిలి గ్రంథాలయంలో చేరి ఏడాది దాటింది కనుక, ఆ ఉద్యోగం మట్టుకు నేను రిటైరైనట్టే. ఎస్సెల్సీ చదువుతున్న మీ కళ్లకి నేను ముసలిదాన్నే అయివుంటాను కూడా. ఆ ధైర్యంతో, పాత డైరీలు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

అసలు నన్ను తీసుకున్నది డ్రిల్లు నేర్పడానికి కాదు. యుద్ధం ఆగిన మరుసటేడు, పుస్తకాల బీరువాలు సర్దడానికీ హాజరు పట్టీలు రాయడానికీ తీసుకున్నారు. చేరిన రెండో వారంలో హెడ్మిస్ట్రెస్ గారు పిలిచారు.

"సాయంత్రం పూట హాల్లో కొత్త క్లాసు పెడుతున్నాం. నేర్పేది మగాయన. ఆడపిల్లల దగ్గర ఒక ఆడమనిషి ఉండాలి గదా. నువ్వెళ్లి కూర్చో."

"నేనేం చెయ్యాలండీ?"

"ఏం చెయ్యక్కర్లేదు. కూర్చుంటే చాలు. పుస్తకం చదువుకో."

బెజవాడ మొత్తం మీద ఇంతకన్నా మంచి ఉద్యోగం ఇంకొకటి ఉండదనుకున్నాను.

ఆ నేర్పే ఆయన రంగూన్ నుంచి కాలినడకన వచ్చినవారు. అక్కడ కలప అడితీలో గుమాస్తాగా ఉంటూ, పక్క వీధిలో ఫొటోలు తీసే ఒక జపాను ఆయన దగ్గర పదేళ్లు జూడో నేర్చారట. యుద్ధం రోజుల్లో జపాను మాట ఎత్తితే పోలీసులు ఇంటికొచ్చేవారు. ఆ భయం యుద్ధం ఆగాక కూడా పోలేదేమో, 'జూడో' అనాల్సినచోట ఆయన గొంతు తగ్గించేవారు. స్కూలు నోటీసులో 'ఆత్మరక్షణ తరగతి' అని పెట్టారు. మేము ఆయన్ని మేష్టారనే పిలిచేవాళ్లం. పొట్టిగా, బక్కపలచగా, పోస్టాఫీసులో ముద్రలు వేసే మనిషిలా ఉండేవారు.

హాల్లో ఒక పక్కన జానెడు మందాన వరిగడ్డి పరిచి, దాని మీద మిలిటరీ వాళ్లు అమ్మేసిన డేరా గుడ్డ బిగించి కట్టారు. మేష్టారు ఆడపిల్లల్ని ముట్టుకునేవారు కాదు. ప్రతి పట్టూ మా బంట్రోతు మీద వేసి చూపించేవారు. బంట్రోతు నలభై ఏళ్ల భారీ మనిషి. "నాకు జీతం గంట కొట్టినందుకండీ, కిందపడినందుకు కాదు" అని రోజూ గొణిగేవాడు. రోజూ అందరికన్నా ముందొచ్చి నిలబడేవాడు కూడా.

మూడో రోజు మేష్టారు నా కుర్చీ దగ్గరికి వచ్చారు.

"ఆ పుస్తకంలో ఏముందమ్మా?"

"కథండీ."

"అందులో ఎవరన్నా కిందపడతారా?"

"ఇంకా పడలేదండీ."

"పడేలోపల మీరో సారి పడి చూడండి. తెలిసి చదవొచ్చు."

కాదనడానికి కూడా నోరు రాని మనిషిని నేను. కొంగు బిగించి వెళ్లాను. మొదటి నెలంతా పడటమే. గడ్డం గుండెకి ఆనించుకోవాలి, చేత్తో నేలను చరవాలి, వెన్ను గుండ్రంగా వంచాలి. విచిత్రమేమిటంటే అది నాకు బాగా వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఏ ఆటలోనూ ఎవరూ నన్ను తమ జట్టులోకి కోరుకున్నది లేదు. పడటంలో మాత్రం నన్ను మించినవాళ్లు ఆ హాల్లో లేకపోయారు. "టీచరు గారు పడితే మల్లెపూవు రాలినట్టుంటుంది" అనేవాళ్లు పిల్లలు. ఆ మాట ఆ రోజు డైరీలో రెండుసార్లు రాసుకున్నాను.

నెలకొక శనివారం పోటీ ఉండేది. ఇద్దరిద్దరు నిలబడి నిజంగా పెనుగులాడేవాళ్లు. ఫలితాలు రాసే పని నాది. మొదట అందరికీ తెల్ల పట్టీ. అది నడుముకి కట్టుకునేది. దాని పైది గోధుమరంగు పట్టీ. అది కావాలంటే పట్లన్నీ తీరుగా వేసి చూపితే చాలదు, మూడు పోటీల్లో రెండు గెలవాలి. ఆ మూడింట్లో చివరిది తనకన్నా పై పట్టీ ఉన్న మనిషితో. అదీ మేష్టారి నియమం. 'ఎందుకండీ అంత పట్టుదల' అని ఒకసారి అడిగాను.

"ఒప్పుకుని పడేవాళ్లని పడేస్తే అది ఇద్దరూ కలిసి చేసిన పనమ్మా. అవతలి మనిషి పడనన్నప్పుడే మనకేం వచ్చో తెలిసేది. గెలుపుదేముంది, ఇవాళ ఒకళ్లది, రేపు ఒకళ్లది."

వినడానికి బాగుంది. కానీ పోటీలంటే నాకు పడేది కాదు. ఓడిన పిల్ల మొహం చూడలేకపోయేదాన్ని. నేను మటుకు ఒక్క పోటీలోనూ నిలబడలేదు. కాగితాలు రాసేవాళ్లు ఎవరో ఒకరు ఉండాలి గదా!

రెండో ఏడు వానాకాలంలో మేష్టారికి మలేరియా తగిలింది. దివిసీమలో చెల్లెలి గారింటికి వెళ్లిపోయారు. క్లాసు నా చేతికొచ్చింది. "టీచరన్నాక ఏదో ఒక పట్టీ ఉండాలి గదండీ" అని హెడ్మిస్ట్రెస్ గారు అంటే, మేష్టారు బయల్దేరేముందు జ్వరంలో వణుకుతూనే నాకు గోధుమరంగు పట్టీ ఇచ్చి, "పోటీల సంగతి నేనొచ్చాక చూద్దాం" అన్నారు.

ఆ ఆర్నెల్లూ నేను చేసిన నిర్వాకం చెబుతాను. మీలో ఎవరైనా రేపు టీచర్లయితే పనికొస్తుంది.

మొట్టమొదట పోటీలు మానేశాను. ఒక పిల్ల మోచెయ్యి కమిలితే వాళ్లమ్మ వచ్చి కేకలేసింది. ఇంకొక పిల్ల ఓడిపోయి రెండు రోజులు అన్నం తినలేదన్నారు. నాకు కావాల్సిన సాకు దొరికింది. పోటీల బదులు మార్కులు పెట్టాను. తీరుకి ఇన్ని, నిలకడకి ఇన్ని, వినయానికి పది.

వినయం ఎందుకొచ్చిందో చెప్పాలి. కాలితో అవతలివాళ్ల కాలిని పక్కకి ఊడ్చి పడేసే పట్టు ఒకటుంది. జపాను పేరు మా నోట పలకలేదు. నేను 'చీపురు పట్టు' అన్నాను, అదే నిలిచింది. మనలో కాలు ఎవరికైనా తగిలితే వంగి ముట్టుకుని కళ్లకద్దుకుంటాం గదా. పిల్లలు చీపురు పట్టు వేసిన మరుక్షణం పట్టు వదిలేసి, వంగి, ముట్టుకుని, కళ్లకద్దుకునేవాళ్లు. మేష్టారున్నప్పుడు "తర్వాత! దండాలు తర్వాత!" అని అరిచేవారు. నాకు మాత్రం అది ముచ్చటగా ఉండేది. అరవలేదు సరిగదా, దానికి మార్కులు వేశాను.

ఇక పడేవాళ్లు కూడా మర్యాద నేర్చుకున్నారు. తనకన్నా పెద్ద పిల్ల పట్టుకుంటే చిన్న పిల్ల చెయ్యి తగలగానే పడేది. నన్ను పట్టుకున్నవాళ్లయితే నేను లాగకముందే నేలమీదుండేవాళ్లు. చూడటానికి ఎంత అందంగా ఉండేదో చెప్పలేను. హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి చూసి, "కూచిపూడి వాళ్ల ఆటలా ఉందే!" అని మెచ్చుకున్నారు. నేను ఆ వారమంతా గాలిలో నడిచాను.

మార్కుల్లో మొదటిది మంగళగిరి అమ్మాయి. తండ్రి చీరలు నేస్తారు. ఆ పిల్ల ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. నాలాగే మాట తక్కువ, నాలాగే పుస్తకం దొరికితే ఒదలదు. అందరికన్నా ఆ అమ్మాయంటేనే నాకు ఇష్టమని మీకీపాటికి అర్థమై ఉంటుంది. మార్కుల్లో చివరిది ప్లీడరు గారమ్మాయి. బలమైన పిల్ల, నోరు అంతకన్నా బలం. వినయంలో పదికి రెండు.

సంక్రాంతి వెళ్లాక మేష్టారు తిరిగొచ్చారు. ఇంకా చిక్కిపోయారు. బల్ల మీద కూర్చుని గంటసేపు అంతా చూశారు. చివర్న లేచి, "చాలా బాగుంది. ఇప్పుడొక్క పని చెయ్యండి. ఎవ్వరూ పడకండి" అన్నారు.

పది జంటలు లేచి పట్టుకున్నాయి. బందరు కాలువలో కట్టేసిన పడవల్లాగా అటూ ఇటూ ఊగటమే తప్ప ఒక్కరూ పడరు.

"ఒసేయ్, పడవే!"

"పడొద్దన్నారుగా!"

"అయితే నన్నన్నా పడెయ్యి!"

"ఎట్లా పడెయ్యను, నువ్వు నిలబడ్డావుగా!"

అంతలో మంగళగిరి అమ్మాయి కాలు ప్లీడరు గారమ్మాయి పాదానికి తగిలింది. అలవాటుగా వంగింది. వంగిన పిల్లని ప్లీడరు గారమ్మాయి ఒక్క తోపు తోసింది. ఆ సాయంత్రం హాల్లో ఎవరైనా పడింది ఆ ఒక్కసారే.

మేష్టారు నా మార్కుల కాగితం అడిగి తీసుకుని చాలాసేపు చదివారు. తిడతారేమోనని నేను స్తంభం పక్కన నిలబడ్డాను. ఆయన కాగితం మడిచి ఇచ్చేస్తూ, "ఒకరినొకరు నమ్మటం నేర్పారు. అది లేకపోతే ఏదీ రాదు. తప్పేం లేదు, సగం మిగిలింది, అంతే" అన్నారు. తిట్టివుంటే బాగుండుననిపించింది.

సరిగ్గా ఆ వారమే మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆత్మరక్షణతో కలిపి వ్యాయామ విద్యలో ఏడాది శిక్షణకి మన స్కూలు నుంచి ఒక అమ్మాయిని తీసుకుంటారట. భోజనం, వసతి వాళ్లదే, పైన ఉద్యోగం. కానీ ఆ అమ్మాయికి గోధుమరంగు పట్టీ ఉండాలి. మూడు వారాల్లో ఆఫీసరమ్మ వచ్చి స్వయంగా పోటీ చూస్తారు. తగిన పిల్ల లేకపోతే ఆ చోటు ఇంకో ఊరికి పోతుంది.

ప్లీడరు గారమ్మాయి వచ్చే ఏడు కాలేజీలో చేరబోతోంది. మిగతావాళ్లకి వయసు చాలదు. మిగిలింది మంగళగిరి అమ్మాయి ఒక్కతే. పరీక్షలయ్యాక ఇంటికొచ్చి మగ్గం పనిలో సాయం చేయాలని తండ్రి ముందే చెప్పారు. నూలు కండెలు చుట్టడం తక్కువ పనేం కాదు. కానీ ఆ పిల్ల మద్రాసు పేరు విన్నప్పుడు ఆ కళ్లు నేను చూశాను. ఆర్నెల్లు దండాలకి మార్కులు వేసి ఆ పిల్లని ఇలా తయారుచేసింది నేనే. డైరీలో ఆ రోజు ఒక్క వాక్యమే ఉంది: 'ఇప్పుడేం చెయ్యను?'

మూడు వారాలూ రోజూ పోటీలే. మంగళగిరి అమ్మాయి రోజూ ఓడిపోయేది. బలం లేక కాదు. పట్టు పడగానే వదిలేసి వంగేది. మేష్టారు "తర్వాత!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారు. బంట్రోతు కూడా "అమ్మాయిగారూ, నన్ను తన్నండి, నేనేమీ అనుకోను" అని ముందుకొచ్చాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఆఫీసరమ్మ కళ్లజోడుతో, చేతిలో పెన్సిలుతో ముందు వరసలో కూర్చున్నారు. మంగళగిరి అమ్మాయి మొదటి పోటీ ఎలాగో గెలిచింది. రెండోది ప్లీడరు గారమ్మాయితో, ఓడిపోయింది. మూడోది పై పట్టీ ఉన్న మనిషితో అని చెప్పాను గదా. ఆ ఊళ్లో గోధుమరంగు పట్టీ ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే.

ఇది నాకు ముందే తెలుసు. ఏం చెయ్యాలో కూడా ఆ పొద్దున్నే నిశ్చయించుకున్నాను. పడిపోతాను. నాకన్నా బాగా పడేవాళ్లు లేరు. మేష్టారికి తప్ప ఎవరికీ తెలియదు, ఆయన ఏమీ అనరు. నా పొరపాటుకి ఆ పిల్ల బతుకు ఎందుకు పాడవ్వాలి?

బట్టలు మార్చుకునే గదిలో పోటీలకని కుట్టించిన చొక్కా తొడుక్కుంటూంటే ఆ అమ్మాయి లోపలికొచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది.

"టీచరు గారూ, మీరు పడిపోతారని అందరూ అనుకుంటున్నారండి."

"ఎవరన్నారు?"

"అందరూనండి. నేను కూడా అనుకున్నానండి." ఒక అడుగు లోపలికి వేసింది. "పడకండి, టీచరు గారూ."

"పట్టీ రాకపోతే మద్రాసు లేదే, తెలుసా?"

"మద్రాసులో ఎవరూ పడరు గదండీ. అక్కడికెళ్లి నేనేం చెయ్యను?"

ఆ పిల్ల అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను వినలేదు. పట్టీ బిగించుకుని బయటికి వచ్చేశాను.

ఎదురెదురుగా నిలబడ్డాం. నలభై మంది చూస్తున్నారు. నాకు మామూలుగా నలుగురి ముందు నీళ్లు తాగాలన్నా మొహమాటం. మేష్టారు చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి నా మెడ దగ్గర చొక్కా పట్టుకుంది, నేను ఆ అమ్మాయిది పట్టుకున్నాను. ఒకసారి అటు, ఒకసారి ఇటు. హఠాత్తుగా చీపురు పట్టు వేసింది. నా కాలు సగం లేచింది. ఇంకొక్క తోపు చాలు. ఆ క్షణాన పట్టు వదిలి వంగింది.

నేను ఆలోచించలేదు. వంగిన పిల్లని లాగి పక్కకి పడేశాను.

హాలంతా 'హా' అంది. అందరికన్నా నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. నిజం చెబుతున్నాను, అమ్మాయిలూ, నాకు సిగ్గు వెయ్యలేదు. ఒళ్లంతా వెలుగు నిండినట్టయింది. ఒప్పుకోని మనిషిని పడేయడం అంటే ఇదా అనుకున్నాను. వీపు నేలకి ఆనేలా పడేస్తేనే పూర్తి గెలుపు. పక్కగా పడింది కనుక మేష్టారు సగం గెలుపే ఇచ్చి, "మళ్లీ" అన్నారు.

ఆ పిల్ల లేచింది. మొహం మారిపోయింది. నా వంక అంత సూటిగా అంతకుముందెప్పుడూ చూడలేదు. ఈసారి పట్టు గట్టిగా ఉంది. నేను నిలబడటానికి నాకున్న శక్తంతా పెట్టాను. నా చొక్కా భుజం దగ్గర పర్రున చిరిగింది. కాలు వచ్చింది. వంగుతుందని ఎదురుచూశాను. వంగలేదు. ఆ కాలు వెనకే మనిషంతా వచ్చింది.

నేను పడ్డాను. మల్లెపూవులా కాదు. చెయ్యి చాచి, అరుస్తూ, ధాన్యం బస్తాలా వెల్లకిలా పడ్డాను. భుజంలో ఏదో జరిగింది.

మేష్టారు చెయ్యెత్తి పోటీ అయిపోయిందన్నాక, అప్పుడు ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, నా పాదం ముట్టుకుని కళ్లకద్దుకుంది. కళ్లనీళ్లు కారుతున్నాయి.

ఆఫీసరమ్మ పెన్సిలు ఆపి, "మీ టీచరు కావాలని పడలేదు గదా?" అన్నారు.

"కావాలని పడేవాళ్లు అలా పడరండి" అన్నారు మేష్టారు.

నేను కూడా ఏదో అనాలని, "పడకూడదనే చూశానండీ!" అన్నాను. గట్టిగా అన్నానట. వెనక వరసకి కూడా వినిపించిందని ప్లీడరు గారమ్మాయి తర్వాత చెప్పింది.

పట్టీ వచ్చింది, ఆఫీసరమ్మ సంతకమూ పెట్టారు. నాకు భుజం ఎముక తొలిగిందని కట్టు కట్టారు.

కథ అక్కడితో అయిపోలేదు. మూడో రోజు పొద్దున మంగళగిరి నుంచి ఆ అమ్మాయి తండ్రి మా ఇంటికి వచ్చారు. వెనకాల తలొంచుకుని ఆ పిల్ల. ఆయన అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, మా పిల్ల మిమ్మల్ని కాలితో తన్నిందటగదా."

"తన్నలేదండీ. ఊడ్చింది."

"ఏదైతేనేం, కాలే గదండీ." నా కట్టు చూసి మొహం తిప్పుకున్నారు. "చదువు చెప్పినమ్మని ఇట్టా చేసిన పిల్ల మద్రాసు పోయి ఇంకేం నేర్చుకొస్తుందండీ? వద్దనుకున్నాను. ఆ మాట మీకు చెప్పి, క్షమించమని అడిగి పోదామని వచ్చాను."

నాకు మాటలు రావు, మీకు తెలుసు. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఇంక నేను తప్ప ఎవరూ లేరు.

"ఆర్నెల్లు నేను మీ అమ్మాయికి తప్పు నేర్పానండీ" అన్నాను. "చెయ్యి తగలకముందే పడిపోతే మంచితనం అనుకున్నాను. మంచితనం కాదు, నా పిరికితనం. మొన్న తను ఆగివుంటే నా తప్పే నిలిచేది. నన్ను పడేసి తను దాన్ని దిద్దింది. అందుకే పాసైంది."

"టీచర్ని పడేస్తే పాసా?"

"అవునండీ."

ఆయన కూతురి వంక చూశారు, నా వంక చూశారు. "అయితే రేపు ఇది టీచరైతే, దీని పిల్లలు దీన్ని పడేస్తారన్నమాట."

"పడేయాలండీ. పడేసేదాకా నేర్పాలి."

"విన్నావటే? దెబ్బలు తినటానికి పోతానంటున్నావు, అంత దూరం."

"పోతా, నాన్నా" అంది ఆ పిల్ల, తల ఎత్తి.

ఆయన చూపు దండెం మీద వేలాడుతున్న నా చిరిగిన చొక్కా మీద పడింది. వెళ్లి తీసుకుని, చిరుగు దగ్గర గుడ్డని వేళ్ల మధ్య నలిపి, పోగు లాగి చూసి, మొహం చిట్లించారు.

"ఇది వేసుకుని పోట్లాడారా మీరు? మిల్లు గుడ్డ! ఇట్టాంటిది తొడుక్కుని మద్రాసులో నలుగురి ముందు నిలబడుతుందా మా పిల్ల?" అని ఆ చొక్కా మడిచి చంకలో పెట్టుకున్నారు. "ఎప్పటికి రమ్మన్నారండీ దీన్ని? ఒక పది రోజులు టైమివ్వమనండి. నేసి ఇస్తాను."